పొట్టేలు కథ తేలాల్సిందే

జమ్మలమడుగు.

చిరంజీవి అల్లుడు ఓబుళరెడ్డికి అత్త దీవించి రాయించేది. అల్లుడి ఎదుట అత్త నోరు విప్పకూడదన్న కట్టుబాటు ఉత్తరాలకు లేదు గనుక వినుకో.

మొన్న ప్రొద్దుటూరులో ఇంటిల్లిపాదికీ సినిమా చూపించి పుణ్యం కట్టుకున్నావు. ఎగిరే మంచం, పాడే గుమ్మడికాయ చూసి కడుపుబ్బ నవ్వినాం. మంత్రగత్తె రాకుమారుణ్ణి పొట్టేలుగా మార్చిందో లేదో, "బస్సు పోతాంది, లేయండి" అని అందరినీ లేపుకొచ్చావు. ఏం తెలివి నాయనా!

సెలవులకు నా దగ్గరున్న నీ కూతురు పుల్లమ్మ ఇప్పుడు గంగమ్మకు మొక్కిన మన పొట్టేలు మెడ వదలడం లేదు. "అవ్వా, ఈయప్ప రాకుమారుడైతే? ఎట్ల కోస్తావు?" అని ఒకటే ఏడుపు. "ఇది వట్టి పొట్టేలే" అంటే, "నువ్వు సినిమా కడదాకా చూసినావా?" అంటాంది.

జాతర దగ్గర పడింది. మూలుగ జుర్రే నల్లిబొక్కలకు నువ్వు అందరికన్నా ముందే వస్తావు. ఈసారి ఇంకా ముందొచ్చి, మమ్మల్నందరినీ ఆ సినిమాకే మళ్లీ తీసుకుపో. రాకుమారుడు ఎట్లా మనిషైనాడో చూసొచ్చి, మన పొట్టేలుకూ అదే చేద్దాం. పొట్టేలుగానే ఉంటే గంగమ్మకు. నువ్వు రాకపోతే గంగమ్మకు నువ్వే జవాబు చెప్పుకో, నీకు పొట్టేలు కూర లేదు, సంగటీ ఊరుబిండి పచ్చడే.

మనిషైతే మరీ మంచిది. సినిమా కడదాకా చూపించే మొగుడు నా కూతురికెట్లాగూ దొరకలేదు, మనవరాలికైనా దొరుకుతాడు.