నాగశ్రీ పేరున్న లైను

భీమవరం,
ఆగస్టు 2003

ఉదయభాస్కర్ అన్నయ్యకు,

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, నేను తప్ప. నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నావు కనుక ఒక సంగతి అడుగుతున్నాను.

నాతోపాటు కంప్యూటర్ నేర్చుకున్న నాగశ్రీ, రొయ్యల చెరువులకు మేత లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది. నేనూ అలాంటిదే రాశాను. చెరువుల సాంబశివరాజుగారు ఆమెదే తీసుకున్నారు. ఉండబట్టలేక ఆయన ముందే అనేశాను: “అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ కంపైలర్‌తో చేసిందండి. దాని లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు లైన్లన్నీ, అందరికీ ఇచ్చి తీరాలి.”

నాగశ్రీ నవ్వింది. “ఆ లైసెన్సు కంపైలర్ అనే పనిముట్టుకేనండి. దాంతో తయారైన నా ప్రోగ్రాంకి కాదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం నా ఇష్టం.”

మర్నాడు తనంతట తానే ప్రోగ్రాంకి అదే లైసెన్సు పెట్టి, సోర్సంతా ఫ్లాపీలో తెచ్చి నా చేతిలో పెట్టింది. “వాడుకోవే, మార్చుకో, అమ్ముకో. తెర మీద వచ్చే నా పేరున్న లైను మాత్రం తీయకు. లైసెన్సు ఒప్పుకోదు” అంది.

చదివాను. నాదానికంటే బాగుంది. మన చెరువుల దగ్గర ఇప్పుడు అదే నడుస్తోంది. నాన్నగారు తెర మీద ఆ పేరు చూసినప్పుడల్లా, “ఈ అమ్మాయికి బుర్రుందమ్మా” అంటున్నారు.

అన్నయ్యా, ఆ ఒక్క లైను తీసేయడానికి లైసెన్సులో ఎక్కడైనా సందుందేమో చూసి రాస్తావా? అడిగానని వదినతో కూడా అనకు.

నీ చెల్లెలు