ఆయిల్ తాగే ట్రక్కు, మేస్త్రి చేతులు

అమ్మా,
నేను క్షేమం. ఈసారి పని మానేయలేదు, ముందు ఊపిరి పీల్చుకో.

చెడిపోయిన బళ్లను లాక్కొచ్చే మా ట్రక్కు నెలరోజులుగా ఇంజిన్ ఆయిల్ తెగ తాగుతోంది. రోజూ నేను పోయడం, మర్నాటికి తక్కువ చూపించడం. షెడ్డు మేస్త్రే కాజేస్తున్నాడనుకుని, కరపత్రాల్లో చదివిన మాటలన్నీ ఏరి పదిమందిలో ఆయన్ని దోపిడీదారు అన్నాను.

ఆయన తాపీగా చేతులు తుడుచుకుని, "ఆయిల్ ఎప్పుడు చూస్తావురా అబ్బాయ్?" అన్నాడు.

"బండిని లాక్కురాగానే."

"వెనక కారు వేలాడుతుండగానా? ట్రక్కు ముందుభాగం పైకి లేచి ఆయిలంతా వెనక్కి పోతే, కొలిచే పుల్లకేం అంటుతుంది, నీ తలకాయ!"

తక్కువనుకుని నేను పోసిందంతా ఎక్కువై, నీలం పొగగా పోతోందట.

అన్నట్టు, నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి నా పుస్తకాలు అటకెక్కించిందా, పొయ్యిలో పెట్టిందా? మేస్త్రికి చలికి చేతులు పగిలిపోయాయి. ఉన్ని చేతితొడుగులు ఒక జత అల్లి పంపమ్మా. నా చేతికంటే వేలెడు వెడల్పుగా అల్లు. కొలత ఎలా తెలిసిందంటావా? క్షమించమని ఆ చేతులు పట్టుకున్నాను. ఆయన చాలాసేపు విడిపించుకోలేదు.

నా బదులు చెల్లి జడ ఒకసారి లాగు.

నీ ముక్కోపి