నా కడుపు మీద పంచాయితీ

మన బిడ్డ సలోమి బాపూ,

గంపల జొన్నరొట్టెలున్నయి, గిన్నెల పప్పున్నది. బర్రెకు కుడితి పెట్టు. బస్సులు బందున్నయని మా తమ్ముడు జీపు తెచ్చిండు. ప్రజ్ఞాపూర్ కాడ రాస్తారోకో మొదలుగాక ముందే దాటాలె. ఆపరేషన్‌కు పట్నం దవాఖానకు పోతున్న.

ఏండ్ల సంది గోళీలు మింగుతున్న, సూదులు పొడుసుకుంటున్న, అయినా షుగర్ దిగుతలేదు. నా ఒంటికి గోళీలకంటె కడుపు చిన్నగ చేసే ఆపరేషనే మేలని డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది. అటెనుక గూడ పత్తెం తప్పదన్నది. నేను సోకు కోసం పోతలేను.

నా ఆపరేషన్ సంగతి నిన్న మీ అక్కనడిగినవు, మీ తమ్మున్నడిగినవు, పక్కింటాయన్ను గూడ అడిగినవు. "తిండి తగ్గించుకుంటే సాలదా?" అని అందరు నవ్విన్రు. వాళ్లకు చాయ్ పోసింది నేనే. నన్ను మాత్రం ఒక్క మాట అడుగలె.

మనల్ని అడుగకుంట మన రాష్ట్రం సంగతి ఢిల్లీల తేల్చుడేందని దీక్ష టెంట్ల మైకు పట్టుకొని సిద్దిపేటంత ఇనవడేటట్టు ఒర్రుతవు గదా. మరి ఇంట్ల నువ్వు చేసిందేంది?

రూతమ్మ

రేపు దీక్షల కూసునే వంతు నీదే. పొద్దుమూకి విడిచేటప్పుడు నిమ్మరసంల చక్కెర ఏయనియ్యకు, నీ షుగర్ గూడ పెరుగుతున్నది. ఇది మాత్రం నిన్ను అడుగకుంటనే చెప్తున్న.