గోడ మీది గాలి గిర్ని

గురువారం

కొడుకు దగ్గు తగ్గిందా, కోడలి నడుము నొప్పి ఎట్లుంది, మనవరాలు రూతు కడుపు నిండా తిన్నదా అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ బాగానే ఉన్నారు. నాకే ముద్ద దిగలేదు.

మిషన్ దొరసాని మా అత్తకు ఇచ్చిపోయిన పటం ముందు పెండ్లయిన నాటి నుంచి మోకరిస్తున్నాను. పొలాల నడుమ చర్చి, దాని మీద పెద్ద సిలువ అనుకున్నాను. ఇవాళ దుమ్ము తుడుస్తుంటే రూతు కింది ఇంగ్లీషు అక్షరాలు చదివి పడీపడీ నవ్వింది.

"నానమ్మా, ఇది చర్చి కాదే, గిర్ని! గాలికి తిరిగి పిండి పట్టేది. అమెరికాల నూటయాభై ఏండ్ల కింద గీసిండ్రంట. గది సిలువ కాదు, గిర్ని రెక్కలు. గిన్నేండ్ల సంది గిర్నికి మొక్కుతున్నవా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నన్నంటే దేవుడు క్షమిస్తాడేమో. పక్కవాడ లచ్చవ్వ బిడ్డకు జ్వరమొస్తే ఆ తల్లిని కూడా దాని ముందు మోకరింపజేశానే!

సాయంత్రం లచ్చవ్వ వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "అక్కా, జ్వరం దిగింది. నీ సిలువ పటమే కాపాడింది. మళ్లొచ్చి కొవ్వొత్తులు వెట్టి మొక్కి పోత."

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. "ఎప్పుడొస్తవ్?" అని అడిగాను.

పన్నెండో తారీఖు, ఆదివారం పొద్దున్నే వస్తానంది.