నాలుగో అవకాడో

సైబర్‌జయ, మంగళవారం రాత్రి

బూజు ఎక్కించకుండా, పోలిక కోసం విడిగా ఉంచిన నా నాలుగు అవకాడోలనూ ఇవాళ ల్యాబ్‌లో కోస్తే లోపలంతా నల్లగా కుళ్ళిపోయి ఉంది. పక్క బల్ల మీద బూజు పెంచేది ఫరా. ఆమె చెయ్యే తగిలి ఉంటుందనుకున్నాను. ఆమె చూస్తుండగానే నా అలమరకు తాళం వేశాను.

ఇంటికొచ్చి సంచి దులిపితే బియ్యపు గింజలు రాలాయి. ల్యాబ్ ఫ్రిజ్ పాడైందని ఆ కాయల్ని నాలుగు రోజుల క్రితం ఇంటికి తెచ్చాను కదా. ఇంటి ఓనరు అప్పలమ్మత్తను అడిగాను.

"పచ్చికాయలు కదమ్మా, ముగ్గుతాయని బియ్యం డబ్బాలో పెట్టినాను. నిన్న మళ్ళీ నీ సంచిలోనే ఏసినాను లా. ఏటి, తప్పా?" అంది, ఈ ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఈ బూజు, కాయ చెట్టు మీద ఉన్నప్పుడే తొక్కలో చేరుతుంది. కాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ కిమ్మనకుండా పడి ఉంటుంది. మగ్గగానే ఎంజైములు వదిలి గుజ్జును కరిగించేస్తుంది. అంటే ఫరా తప్పేమీ లేదు.

కానీ డబ్బాలో మూడే పట్టాయట. నాలుగోది సంచిలోనే ఉండిపోయిందట. పండిన మూడింటి పక్కన ఒక్క రోజు ఉన్నందుకే అదీ మగ్గి ఉండొచ్చు.

ఉండొచ్చు. తాళం మాత్రం రేపు కూడా తియ్యను.