పద్నాలుగో మంచం పక్కన కూర్చోనివ్వమని

ఆసుపత్రి డైరెక్టరు గారి సముఖమునకు,
బేరూత్.

అయ్యా,

విషయం: జీతం, భోజనం, చార్జీలు ఏవీ అక్కరలేకుండా తమ ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో స్వచ్ఛందంగా సేవ చేసుకొనుటకు అకామా లేని మనిషిని అనుమతించవలసినదిగా మనవి.

నా పేరు అస్నకెచ్ తెగెన్. వయసు నలభై మూడు. మాది ఇథియోపియాలో గొజ్జాం వైపు. ఈ ఊరొచ్చి పదకొండేళ్ళయింది. నాలుగో తరగతి దాకా చదివాను. అర్జీ రాయడం ఇదే మొదలు. మా వీధి మందుల షాపు హాగోప్ గారిని అడిగితే, "పైన అయ్యా అను. విషయం ఒక్క ముక్కలో చెప్పు. మిగతాదంతా అంకెలు వేసి రాయి. అంకెలు వేస్తే ఏడుపు రాదు," అన్నారు. అందుచేత అంకెలు వేసి వ్రాసుకొనుచున్నాను.

1. నాకు అకామా, అంటే ఈ దేశంలో ఉండడానికి సర్కారు ఇచ్చే కార్డు, లేదని ముందుగానే ఒప్పుకుంటున్నాను. నన్ను తెచ్చుకున్న ఇంట్లో ఐదేళ్ళు చేశాను. ఆరేళ్ళ కిందట బయటికి వచ్చేశాను, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. ఎందుకు వచ్చేశానన్నది ఈ అర్జీకి సంబంధించినది కాదు.

2. తమ ఆసుపత్రి గేటు పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉన్నది. "స్వచ్ఛంద సేవకులు కావలెను. మంచి మనసు ఉంటే చాలు." నాకు అరబ్బీ కూడబలుక్కుని చదవడం వచ్చు. రెండుసార్లు చదువుకుని, తలకు గుడ్డ సరిచేసుకుని గేటు పక్క గదిలోకి వెళ్ళాను. అక్కడ సేవకుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర జోస్లిన్ గారనే ఆవిడ ఉన్నారు.

"ఏమ్మాయ్, ఏ ఇంట్లో పని? నీ మదామ్ ఏదీ?" అన్నారు.

"మదామ్ ఎవరూ లేరండీ. నేనే వచ్చాను."

"పని కోసమైతే వెనక గేటుకెళ్ళు, క్లీనింగు కంపెనీ వాళ్ళుంటారు. ఇది పని కాదమ్మా, సేవ."

"సేవకే వచ్చానండీ."

"అయితే అకామా ఇయ్యి. పోలీసు సర్టిఫికెట్టూ, ఇద్దరు పెద్దమనుషుల ఉత్తరాలూ కావాలి."

"మంచి మనసుంటే చాలని గోడ మీద రాశారు కదండీ."

"మనసుని జిరాక్సు తియ్యలేం కదా తల్లీ," అని ఆవిడ నవ్వేశారు. చెడ్డమనిషి కాదు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. తాగి వచ్చేశాను.

3. అది మొదలు నేను వేరే చోట్ల కూడా తిరిగితిని. బీదవాళ్ళకు అన్నం వండిపెట్టే చోట ఉల్లిపాయలు తరుగుతానన్నాను. చేసేవాళ్ళ పేర్లు చందాలిచ్చే వాళ్ళకు పంపాలట, పేరు పక్కన కార్డు నంబరు లేకపోతే కుదరదట. రక్తం తీసుకునే చోట చెయ్యి చాపాను. రక్తానికీ కార్డు కావాలట. అయ్యా, నేను మూడు బిల్డింగుల మెట్లు కడుగుతాను. ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మకు ఒళ్ళు తుడిచి బట్టలు మారుస్తాను. ఆ ఇంటి తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. నీ కార్డేదీ అని ఇంతవరకు అక్కడ ఒక్కరు అడగలేదు. ఊరికే చేస్తానంటేనే అందరికీ నా మీద అనుమానం వస్తోంది.

4. ఇంత పట్టు ఎందుకని తమరు అడగవచ్చును. నా కూతురు మస్తెవాల్ ఈ జనవరిలో తమ ఆసుపత్రిలో చనిపోయింది. పంతొమ్మిదేళ్ళు. నేను ఇల్లు వదిలేటప్పుడు దానికి ఎనిమిది. ఈ దేశం రావద్దే అని ఎంత చెప్పినా వినకుండా, అమ్మ ఉన్న ఊరేగా అని ఏజెంటుకు సంతకం పెట్టి వచ్చింది. వచ్చిన నాలుగు నెలల్లో దాన్ని రెండుసార్లు చూశాను. అది నాలుగో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే నేను కింద రొట్టెల కొట్టు దగ్గర నిలబడి చూశాను. చెయ్యి ఊపితే ఆ ఇంటివాళ్ళకు తెలుస్తుందని నన్ను చూసి దుప్పటి దులిపింది. దులిపిన దుప్పటే మళ్ళీ దులిపింది.

తరువాత కడుపునొప్పి అన్నదట. ఆ ఇంటివాళ్ళు ఎమర్జెన్సీలో దింపి వెళ్ళిపోయారు. నాకు తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి గేటు దగ్గర కాపలా ఉండే అబూ ఎలీ గారు ఆపారు.

"కార్డు."

"లోపల నా కూతురుందయ్యా."

"కూతురని ఎక్కడైనా రాసుందా?"

"దాని మొహం చూడు, నా మొహం చూడు."

"మొహాలు చూసి పంపితే నా ఉద్యోగం పోద్దమ్మా. పోయి కార్డు తెచ్చుకో," అన్నారు.

మూడు రోజులు ఆ గేటు ఎదురుగా కాలిబాట మీద కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం దాన్ని వెనక గేటు గుండా తీసుకెళ్ళిపోయారు. నేను ముందు గేటు దగ్గర ఉన్నాను.

5. ఈ అంకె రాయడానికి రెండు రోజులు పట్టింది. క్షమించవలెను. తమ వార్డులో నేల తుడిచే రొకేయా బంగ్లాదేశ్ పిల్ల. మాదీ ఆ పిల్లదీ ఒకే వీధి. ఆ పిల్ల చెప్పినది.

"అక్కా, డాక్టరు నీ కూతురి పొట్ట నొక్కి ఇక్కడ నొప్పా అని అరబ్బీలో అడిగాడు, ఇంగ్లీషులో అడిగాడు. నీ కూతురు జవాబు చెప్పకుండా గుప్పుమని ఊపిరి పీల్చింది. మళ్ళీ అడిగితే మళ్ళీ పీల్చింది. ఆయాసం అనుకుని మూతికి ఆక్సిజన్ పెట్టారు. పొట్ట వదిలేసి గుండెకి ఫొటోలు తీశారు."

అయ్యా, మా దేశంలో అవును అంటే అంతే. నోరు తెరిచి అనం, ఊపిరి లోపలికి లాగుతాం. నా కూతురు మూడు రోజులు అవును అవును అంటూనే ఉంది. ఇక్కడే నొప్పి, అవును. డాక్టరు గారి తప్పని నేను అనడం లేదు. మా భాష ఆయనకెలా వస్తుంది. పిల్ల తప్పూ కాదు. మధ్యన ఒక మనిషి ఉండవలసింది. ఆ మనిషి గేటు బయట కూర్చుని ఉన్నది.

6. ఇప్పుడు పద్నాలుగో మంచం మీద మా దేశం పిల్ల ఇంకొకతె ఉన్నది. కిటికీ అద్దాలు తుడుస్తూ పడి కాలూ తుంటీ విరిగాయట. పేరు కూడా సరిగా ఎవరికీ తెలియదు. ఆరు రోజుల నుంచి ఏమీ తినడం లేదు. పెరుగు తెస్తే తోసేస్తుంది, గుడ్డు తెస్తే మొహం తిప్పుకుంటుంది, జున్ను ముక్క చూస్తే కళ్ళు మూసుకుంటుంది. "తిండి మానేసింది" అని కాగితంలో రాశారనీ, పిచ్చివాళ్ళ వార్డుకు మార్చాలంటున్నారనీ రొకేయా చెప్పింది.

ఆ పిల్లకు పిచ్చి లేదు. మాకిది పెద్ద ఉపవాసాల కాలం, యాభై అయిదు రోజులు. పాలు, గుడ్డు, మాంసం ముట్టం. మధ్యాహ్నం దాటేదాకా నోట్లో ఏమీ వెయ్యం. రోగమొచ్చిన వాళ్ళకు ఉపవాసం అక్కరలేదు, చర్చి కూడా ఒప్పుకుంటుంది. కానీ ఆ మాట పెద్దదిక్కు ఎవరైనా చెప్పాలి. మా పిల్లలు తమంతట తాము ఉపవాసం విడవరు, ప్రాణం మీదికి వచ్చినా విడవరు. నేను చెప్తాను. "తిను బిడ్డా, పాపం నాది," అని చెప్తాను. పప్పు వండి తెస్తాను. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది అయ్యా?

7. కావున నన్ను రోజుకు రెండు గంటలు ఆ వార్డులో కూర్చోనివ్వవలెను. మా దేశం పిల్లలు ఎవరొచ్చినా డాక్టరు గారి మాట వాళ్ళకూ, వాళ్ళ మాట డాక్టరు గారికీ చెప్తాను. కావాలంటే ఆ రెండు గంటలూ నేల కూడా తుడుస్తాను. బ్యాడ్జీ మీద పేరు రాయకపోయినా ఫరవాలేదు.

ఎనిమిదో అంకెకు ఏమీ మిగలలేదు. ఈ ఏడు అంకెలూ తమరు చిత్తగించి, పద్నాలుగో మంచం దాకా నాకు దారి ఇప్పించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయురాలు,
అస్నకెచ్ తెగెన్,
మస్తెవాల్ తల్లి.
రొట్టెల బట్టీ పైన, మూడో అంతస్తు, బుర్జ్ హమ్మూద్.

తా.క. హాగోప్ గారు ఇది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. "పేరూ అడ్రసూ కొట్టెయ్ అక్కా. ఈ కాగితం డైరెక్టరు చేతిలోంచి పోలీసుల చేతిలోకి పోవడం ఎంతసేపు? ఆరేళ్ళు దాక్కుని, ఇప్పుడు నీ అంతట నువ్వే చీటీ రాసిస్తావా?" అన్నారు. నేను కొట్టెయ్యలేదు. పేరు లేని అర్జీ ఎవరు చదువుతారు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటాను. పోలీసులకు ఫోను చెయ్యాలంటే చెయ్యండి. పారిపోను. ఈ ఊరి ట్రాఫిక్‌లో వాళ్ళ బండి రావడానికి అరగంటైనా పడుతుంది. ఆ అరగంట నన్ను బయట నిలబెట్టకండి అయ్యా, లోపలికి పంపండి. నేనెక్కడున్నానని వాళ్ళు అడిగితే పద్నాలుగో మంచం అని చెప్పండి. వచ్చేటప్పుడు మాత్రం బూట్లు చప్పుడు చెయ్యకుండా రమ్మనండి. ఆ పిల్ల తింటూ ఉంటుంది.