నూట నలభై ఎనిమిది గ్రాములు

అన్నయ్యకు,

చెల్లి నమస్కరించి రాస్తున్నది. ఎప్పటిలాగే "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. అందరం అంటే ఇప్పుడు ఇద్దరమే కదా. అమ్మ వేళకు తింటోంది. సాయంత్రం పక్కింటావిడ వస్తే కాసేపు కబుర్లు చెబుతోంది. నేను షాపు తీస్తున్నాను, మూస్తున్నాను. దాన్నే క్షేమం అనుకో. నువ్వు కూడా ఓడలో అలాగే ఏదో ఒక రకంగా క్షేమంగా ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. బాగా కుదుపుల్లో రాసినట్టున్నావు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఇంజను గదిలో వేడికి అరచేతులు పొక్కాయని రాసిన పేజీ అమ్మకు చూపించలేదు. చూపిస్తే రేపే రేవుకు పోయి కూర్చుంటుంది. పొక్కులు చిదమకు. ఆ చేతులతోనే కదా నువ్వు బతకాలి.

షాపు సంగతి అడిగావు. నడుస్తోంది. నాన్న బల్ల దగ్గరే, నాన్న కుర్చీలోనే కూర్చుంటున్నాను. ఆయన ఎత్తుకు సరిపెట్టిన కుర్చీ కదా, నేను కూర్చుంటే గడ్డం బల్లకు ఆనుతోంది. ఎత్తు పెంచడానికి చెయ్యి రావడం లేదు. చిన్న చిన్న పనులు నేనే చేస్తున్నాను: బ్యాటరీలు, పట్టీలు, చైను ముక్కలు తీయడం. వాచీ లోపలి మిషను విప్పే పనులు వస్తే రెండు వీధుల అవతల కళ్ళద్దాల షాపు పక్కన ఉన్న రిపేరు మేస్త్రి దగ్గరికి పంపుతున్నాను. ఆయన మంచివాడు, నాన్న పేరు చెబితే తక్కువే తీసుకుంటాడు.

"చేతికాటా గారు లేరా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఆ పేరు వీధికి ఎవరు అంటించారో గాని, భలే అంటించారు. కళ్ళు మూసుకుని అరచేతిలో వాచీ పెడితే చాలు, లోహం చెప్పేసేవాడు. "ఇత్తడికి పూత. చెమట తగిలిన చోట పచ్చబడుతుంది చూసుకో." "ఇది స్టీలు. చల్లగా ఉంటుంది, ఎంతసేపటికీ నీ మనిషి కాదు." "ఇది టైటానియం. చేతిలో పెట్టగానే వేడెక్కుతుంది, బొమ్మలా తేలిగ్గా ఉంటుంది గాని గట్టి పిండం." బంగారమైతే మాటే ఉండదు, చెయ్యి కాస్త కిందికి దించి తల ఊపేవాడు, అంతే. ఆ పెద్ద మనిషి గుర్తున్నాడా, మామగారు పెట్టిన బంగారు వాచీ అని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు? నాన్న అరచేతిలో ఒకసారి ఎగరేసి, "బాబూ, మీ మామగారిని కూడా ఎవరో మోసం చేసి ఉంటారు" అన్నాడు. వెనక మూత తీస్తే లోపల ఇనప బిళ్ళ! బరువుంటేనే విలువ అనుకునేవాళ్ళ కోసం పెట్టింది. ఆ మనిషి వారం రోజులు మన వీధిలో నడవలేదు.

నాన్నకు నువ్విచ్చిన వాచీ గురించి అడిగావు. నా దగ్గరే ఉంది. రోజూ కీ ఇస్తున్నాను. చివరి రోజు నాన్న దాన్నే పెట్టుకుని ఉన్నాడా అని కూడా అడిగావు.

లేదు అన్నయ్యా. ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్వు రేవు నుంచి ఫోను చేసిన రెండుసార్లూ అమ్మ పక్కనే ఉంది. అమ్మ లేకపోయినా నా నోరు పెగిలేది కాదనుకో.

నీ మొదటి ప్రయాణం జీతంతో తెచ్చిన ఆ స్టీలు వాచీ పదకొండేళ్ళుగా నాన్న ఎడమ చేతికే ఉంది. స్నానానికి తప్ప తీసేవాడు కాదు. "పెద్దాడిది" అనేవాడు, వాచీ అనేవాడు కూడా కాదు. ఆయన పోవడానికి సరిగ్గా ఇరవై ఆరు రోజుల ముందు, షాపులో ఎవరూ లేనప్పుడు, దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమిటో, పెద్దాడిది బరువెక్కిందే" అన్నాడు.

"వాచీ బరువెక్కడమేమిటి నాన్నా? తిండి తింటోందా?" అన్నాను.

"నవ్వకు. నా చెయ్యికి తెలీదా? రెండు రోజుల నుంచి చూస్తున్నా. లోపల నీళ్ళు చేరాయేమో తెరిచి చూడు."

తెరిచాను. పొడిగా ఉంది. మూత బిగించి, బంగారు వాచీల కేసులు తూచే చిన్న త్రాసు మీద పెట్టాను. నూట నలభై ఎనిమిది గ్రాములు. నువ్వు తెచ్చిన రోజున తూచి నాన్న గోడ మీద పెన్సిలుతో రాసిన అంకె అదే. ఒక్క గ్రాము తేడా లేదు.

నాకు ఎంత సంబరం వేసిందో చెప్పనా? చిన్నప్పటి నుంచీ ఆ చేతికాటాను ఒక్కసారైనా ఓడించాలని నా కోరిక. "ఓడిపోయావు నాన్నా! త్రాసు అబద్ధమాడదు" అని చప్పట్లు కొట్టాను. పక్కన చెప్పుల షాపు ఆయన్ని కూడా పిలిచి చూపించాను. నాన్న నవ్వాడు. నవ్వుతూ త్రాసు మీది అంకెకేసి చాలాసేపు చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపే కళ్ళలో మెదులుతుంది.

వాచీ మారలేదని త్రాసు చెప్పిందంటే మారింది నాన్న చెయ్యి అని అర్థం. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? నా కళ్ళెదుటే ఉంది, నా చేత్తోనే తూచాను. అయినా నేను చేసిందల్లా పందెం గెలిచినట్టు గంతులేయడం.

అక్కడితో ఆగితే ఏదోలే అనుకునేదాన్ని. మర్నాడు నా తెలివి ఇంకా ముందుకు పోయింది. వయసు మీద పడుతోంది, తేలిక వాచీ పెడితే సరిపోతుంది అనుకున్నాను. అద్దాల బీరువాలో ఉన్న టైటానియం వాచీకి నాన్న మణికట్టుకు తగ్గట్టు ముక్కలు తీసి తెచ్చాను. యాభై తొమ్మిది గ్రాములు. నాన్న ఒప్పుకోలేదు. "పెద్దాడు ఏమనుకుంటాడే" అన్నాడు. "అన్నయ్య వచ్చేలోపు మళ్ళీ మార్చేద్దువులే" అని నేనే బతిమాలి, నేనే నీ వాచీ తీసి, నేనే దాన్ని తొడిగాను. చెయ్యి అటూ ఇటూ తిప్పి, "హాయిగా ఉందే, ఏమీ పెట్టుకోనట్టే ఉంది" అన్నాడు. ఆ మాటకు నేనెంత మురిసిపోయానో!

పది రోజులు గడిచాయి. వాచీ మిషను పట్టుకునే బిగింపు ఆయన ఎడమ చేతిలోంచి జారి, చక్రాలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. కుర్చీ ఊగిందన్నాడు. మరో రెండు రోజులకు ఆ టైటానియం వాచీ కూడా తీసేశాడు. "ఇది కూడా లాగుతోందే" అన్నాడు. అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గేస్తోంది. "నీకు ఇక గాలితో చేసిన వాచీ కావాలి నాన్నా" అన్నాను.  నాన్న దాన్ని కుడి చేతికి మార్చుకున్నాడు.

తరువాతి సంగతి నీకు కొంత తెలుసు. ఉదయం పది గంటలకు షట్టరు ఎత్తుతున్నాం, ఎప్పటిలాగే కుడివైపు నేను, ఎడమవైపు నాన్న. నా వైపు లేచింది, ఆయన వైపు లేవలేదు. షట్టరు వంకరగా ఇరుక్కుంది. "నాన్నా, ఎత్తు" అన్నాను. "ఎత్తుతున్నా కదే" అన్నాడు. ఆయన ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది. ఎత్తుతున్నాననే అనుకుంటున్నాడు. ఆ తరువాత మెట్టు మీద కూలబడిపోయాడు.

ఆసుపత్రిలో మొదటి రోజు నాన్నకు మాట ఇంకా ఉంది. ముద్దగా ఉన్నా అర్థమయ్యేది. డాక్టరు కాగితం పట్టుకుని నన్ను అడిగాడు: "అంతకు ముందు చెయ్యి తిమ్మిరిగా ఉందని గానీ, బరువుగా ఉందని గానీ ఏమైనా అన్నారా?"

బరువు అనే మాటే వాడాడు అన్నయ్యా. మంచం అవతల అమ్మ నిలబడి నా ముఖంలోకే చూస్తోంది.  "లేదండీ" అన్నాను.

డాక్టరు నాన్న వైపు తిరిగాడు. "మీకు గుర్తుందా? ముందు ఏమైనా అనిపించిందా?"

నాన్న నన్ను చూశాడు. చెప్పేస్తాడనుకున్నాను. చెప్పేస్తే బాగుండును అని కూడా అనుకున్నాను. పెదవి ఒక పక్కకు లాగుతూ, "ఏమీ లేదు డాక్టరుగారూ. మా అమ్మాయి చెప్పింది నిజమే" అన్నాడు.

నలభై ఏళ్ళు షాపులో కూర్చుని ఇత్తడిని ఇత్తడనే చెప్పిన మనిషి. గిరాకీ పోయినా సరే బంగారమని ఒక్కసారి అనలేదు. నా కోసం అబద్ధమాడాడు.

మూడో రోజు అమ్మ కిందికి వెళ్ళినప్పుడు, క్షమించమని అడుగుదామని దగ్గర కూర్చున్నాను.  సంచిలోంచి నీ వాచీ తీసి ఆయన ఎడమ అరచేతిలో పెట్టాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"నాన్నా, చేతిలో ఏముందో చెప్పు."

"ఏం పెట్టావని? ఖాళీయేగా" అన్నాడు.

వాచీ అక్కడే ఉంది. నూట నలభై ఎనిమిది గ్రాములూ ఆ అరచేతిలోనే ఉన్నాయి. నేను తట్టుకోలేక గబుక్కున తీసి కుడి చేతిలో పెట్టాను. వేళ్ళు వెంటనే ముడుచుకున్నాయి. "స్టీలు" అన్నాడు. ఆ తరువాత, "పెద్దాడిది. ఎక్కడున్నాడో వెధవ, తిన్నాడో లేదో" అన్నాడు. నేను అడగాల్సింది అడగలేకపోయాను. రేపు అడుగుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఆరు రోజులు సాగింది. తొమ్మిదో రోజు పక్షవాతం రెండో దెబ్బ కొట్టి మాట పోయింది, సాయంత్రానికి మనిషే పోయాడు.

పోయిన నెలలో ఆ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అప్పుడే తీసుకొచ్చి ఉంటే బతికేవారా?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "చేయడానికి ఏదో ఒకటి ఉండేదమ్మా. ఫలితం ఎలా ఉండేదో మాత్రం చెప్పలేను" అన్నాడు. ఆ "ఉండేదమ్మా" అన్న మాట రోజూ నాతోపాటే షాపుకు వస్తోంది, నాతోపాటే ఇంటికి వస్తోంది.

ఇప్పుడు షాపులో నా పిచ్చి ఎలా ఉందంటే, వాచీ బరువుగా ఉందని ఎవరన్నా చాలు, "ముందు రెండు చేతులూ పైకెత్తండి" అంటున్నాను. మొన్న ఒక కాలేజీ అమ్మాయి సన్న పట్టీ అడగడానికి వచ్చి, దొంగను పట్టుకున్నట్టు చేతులెత్తి నిలబడింది. వీధిలో నాకు డాక్టరమ్మ అని పేరు పెట్టారు. నవ్వుకోనీ.

నీ ఉత్తరం చివర రాశావు చూడు: "ముందు సూచనలేమీ లేవంటే నేను నమ్మను. నువ్వేదో దాస్తున్నావు. ఈసారి అమ్మకే విడిగా రాసి అడుగుతాను" అని. ఆ వాక్యం చదివాకే ఈ కాగితం తీశాను. దాచింది నేను, అమ్మ కాదు. అమ్మకు ఏమీ తెలియదు. తెలియదు అనడం కూడా సరికాదు. తనకేం తెలుసో తనకు తెలియదు.

పోయిన ఆదివారం పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. "చివరి నెలంతా ఆయన ఒక్క గుండీ పెట్టుకోలేదంటే నమ్ము. పొద్దున్నే చొక్కా తొడుక్కుని చిన్నపిల్లాడిలా వచ్చి నా ముందు నిలబడేవాడు. 'నువ్వే పెట్టు, నీ చేత్తో పెడితే బాగుంటుంది' అనేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా లేదమ్మా ఈ సరసం! ముసలితనంలో మురిపెం" అని అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పడీ పడీ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. నేను వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ చేతికి గుండీ పట్టుబడక వచ్చి నిలబడ్డాడని నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలుసు.

అందుకని అన్నయ్యా, నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు. "నీ తప్పేం లేదు" అని మాత్రం ఊరికే రాయకు, నీకు నిజంగా అలా అనిపిస్తేనే రాయి. ఇక మీదట నాతో మాట్లాడవనుకుంటే ఆ సంగతైనా రాయి. కానీ అమ్మను ఆ ప్రశ్న అడగవద్దు. దానికి బదులు, చివరి నెల నాన్న ఎలా ఉండేవాడని అడుగు. గుండీల కథంతా తనే రెండు పేజీలు రాస్తుంది. చదివి బాగా నవ్వుకున్నానని అమ్మకు జవాబు రాయి.

ఇట్లు,
నాన్న చేత అబద్ధమాడించిన
నీ చెల్లి